లోనాన్ గంట మీద ప్రమాణం

రవిశంకర్ చెప్పిన అబద్ధం వల్లే లలితకు న్యాయం జరగలేదు. ఇందులో ఆమె భర్త శేషగిరికి అనుమానం లేదు. షానన్‌లో వైద్య పరికరాలు తయారుచేసే ఒక ప్లాంటులో లలిత నైట్ షిఫ్టు చేసేది. మూడేళ్ళ కిందట ఒక రాత్రి వెనక మెట్ల మీద నుంచి పడిపోయింది. తెల్లవారేదాకా ఆమెను ఎవరూ చూడలేదు. ఆ భవనానికి కాపలా రవిశంకర్ కంపెనీది. ఆ రాత్రి రౌండు వేశామని, మెట్ల మీద ఎవరూ లేరని రవిశంకర్ విచారణలో పుస్తకం మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసి చెప్పాడు. రౌండు వెయ్యలేదు. వేసి ఉంటే ఆమె బతికేది. విచారణ చేసినవాళ్ళు ప్రమాదం అని రాసి ఫైలు మూసేశారు. మళ్ళీ తెరవమని శేషగిరి పెట్టిన అర్జీ ఇంకా నడుస్తోంది.

మంగళవారం మధ్యాహ్నం పాత క్రైస్తవ మఠంలో పెట్టిన మ్యూజియం తలుపు తోసుకుని లోపలికి వెళ్ళినప్పుడు అతనికి ముందుగా కనిపించింది ఆ రవిశంకరే. నల్లకోటు వేసుకుని, చేతిలో కాఫీ కప్పుతో, ఖాళీ అద్దాల పెట్టె పక్కన నిలబడి ఉన్నాడు.

"శేషగిరి గారూ. ఎన్నిస్‌లో తప్పిపోయిన పిల్లుల్ని వెతకడం అయిపోయిందా?"

"నువ్వు ఇక్కడున్నావని నాకెవరూ చెప్పలేదు."

"చెబితే వచ్చేవారు కాదా?"

"ఇంకా ముందే వచ్చేవాణ్ణి."

శేషగిరి ఆగకుండా వెనకగదిలోకి వెళ్ళాడు. అతను ప్రకాశం జిల్లాలో హెడ్ కానిస్టేబుల్‌గా పనిచేశాడు. చదువు ఊళ్ళో హైస్కూలు దాకానే. లలితకు ఈ దేశంలో ఉద్యోగం వస్తే పోలీసు కొలువు వదిలేసి వెంట వచ్చాడు. ఆమె పోయాక వెనక్కి వెళ్ళలేదు. లైసెన్సు తీసుకుని ప్రైవేటు డిటెక్టివ్ పని చేస్తున్నాడు.

వెనకగదిలో హాసిని కుర్చీ అంచు మీద కూర్చుని ఉంది. ఖమ్మం పిల్ల. లిమరిక్‌లో రసాయనశాస్త్రంలో పీజీ చేస్తోంది. పాతకాలపు లోహపు వస్తువులను పరీక్షించే పని మీద ఈ మ్యూజియానికి వచ్చింది. అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు పుష్పవతి ఆమెకు శేషగిరి ఫోన్ నంబరు ఇచ్చింది.

"జరిగింది వరసగా చెప్పు. ఏడవడం తర్వాత."

"ఏడుస్తలేను అంకుల్."

"మంచిది."

"నిన్న పొద్దుగాల క్యూరేటర్ మేడం తాళం ఇచ్చింది. అద్దాల పెట్టెకు రవిశంకర్ సార్ కంపెనీ సీల్ ఉండె. మేడం ముందట్నే కట్ చేసిన. గంట తీస్కొని ఈ రూమ్‌కి వచ్చిన. గన్ పెట్టి చూసిన." బల్ల మీద ఉన్న పరికరాన్ని చూపించింది. గోడకు రంధ్రాలు వేసే డ్రిల్లింగ్ మిషన్‌లా ఉంది. "లోహంల ఏమేం కలిసినయో ఇది చెప్తది. ఇనుము వచ్చింది. దాంతోని మాంగనీస్ గూడ వచ్చింది."

"రాకూడదా?"

"వెయ్యేండ్ల కింద బొగ్గుల కొలిమిల చేసిన ఇనుముల మాంగనీస్ ఉండనే ఉండదు అంకుల్. ఇప్పటి స్టీల్‌ల ఉంటది. పైన పూత గూడ కంచు కావాలె. దీనికి ఇత్తడి ఉంది. ఇది లోనాన్ గంట కాదు. ఎవరో చేసిన కాపీ."

"ఎవరికి చెప్పావు?"

"అప్పుడే మేడంకి చెప్పిన. ఆమె రవిశంకర్ సార్‌కి ఫోన్ చేసింది. సార్ వచ్చి ఒకటే మాట అన్నడు. మ్యూజియంకి వచ్చినప్పుడు అసలుదే, సీల్ వేసినప్పుడు అసలుదే, సీల్ తీసింది హాసిని, మరి మార్చింది ఎవరు అని."

"గదిలో ఒక్కదానివే ఎంతసేపున్నావు?"

"గంట దాటి ఉంటది."

"ఒక గంటను మార్చడానికి ఆ సమయం ఎక్కువే."

హాసిని తల ఎత్తింది. "నా బ్యాగ్ చూసిండ్రు. పుష్పవతి ఆంటీ ఇంట్ల నా సూట్‌కేస్ గూడ విప్పిండ్రు. ఏం దొరకలే."

"దొరక్కపోతే దాచావంటారు."

"మీరు గూడ నమ్మరా?"

"నా నమ్మకంతో నీకు పని లేదు. ఫోన్‌లో అయిదింటికని ఏదో అన్నావు, ఏముంది?"

"స్టేషన్‌కి రమ్మన్నరు. కేస్ రాస్తరంట. నా వీసా ఈ నెలాఖరుకి అయిపోతది. కేస్ ఉంటే రెన్యువల్ రాదు. డిగ్రీ గూడ చేతికి రాకముందే పోవుడే." చేతిలో ఫోన్ వైపు చూసింది. "దొంగతనం చేసిందని పంపించేసిండ్రు అంటే మా ఊళ్ళ ఎవ్వలకి ఏమని చెప్తడు అంకుల్ మా నాన్న?"

శేషగిరి ముందుకు వంగాడు. బల్ల మీద ఉన్న నకిలీ గంటను చూశాడు. జానెడు ఎత్తు, నాలుగు పలకలు, ఆవు మెడలో కట్టే గంటకన్నా మోటుగా ఉంది. అంచుల వెంట రివెట్లు. పైన పిడి. ఎవరు చేశారో కానీ తొందరపడి చేసిన పని కాదు.

*

హాల్లో పోలీసు సార్జెంట్ మైకెల్ మెకినర్నీ ఎదురయ్యాడు. ఈ ప్రాంతం మనిషే. పొడవాటివాడు, మెల్లగా మాట్లాడతాడు.

"ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు, మిస్టర్ శేషగిరి. కానీ నోరా హెహిర్ ఈ గంట మీద ప్రమాణం చేసింది. నాకు అడ్డం పడుతున్నది అదే."

"నోరా హెహిర్ ఎవరు?"

"గంట కాపలాదారు. వెయ్యేళ్ళ కిందట ఇక్కడ పోలీసు లేడు, జైలు లేదు. మూడు కొండలకు ఒక రాజు. రాజుల మధ్య ఒప్పందమైనా, పొలం గట్టు తగాదా అయినా, ఎవరో ఒక సాధువు గంట తెచ్చి దాని మీద చెయ్యి పెట్టి చెప్పమనేవాళ్ళు. అబద్ధం చెబితే మూతి వంకర పోతుంది, ఏడాది తిరక్కుండా వంశం పోతుంది. అదీ నమ్మకం. గంటను కాచే ఇంటికి మఠం వాళ్ళు పన్ను లేకుండా పొలం ఇచ్చేవాళ్ళు. లోనాన్ అనే సాధువు గంట హెహిర్ల ఇంటిది. ఆ పొలం పోయి నాలుగు వందల ఏళ్ళయింది. గంట మాత్రం వాళ్ళింట్లోనే ఉంది. మొన్న ఏప్రిల్లో ఎగ్జిబిషన్ కోసం ఇచ్చారు."

"మీరు నమ్ముతారా ఇది?"

సార్జెంట్ టోపీ సర్దుకున్నాడు. "మా తాత ఒక ఆవు తగాదాలో ఆ గంట మీద చెయ్యి పెట్టాల్సి వచ్చింది. పెట్టలేక ఆవునే వదులుకున్నాడు. ఆవు ఆయనదే."

"మీ సంగతి అడిగాను."

"నేను చదువుకున్నవాణ్ణి. అయినా దాన్ని ముట్టుకోను."

ఫోన్ తీసి వీడియో చూపించాడు. ఏప్రిల్లో ఎగ్జిబిషన్ మొదలుపెట్టిన రోజు. బల్ల చుట్టూ జనం. తెల్లజుట్టు ముసలావిడ ఒకరు చెక్కపెట్టె తాడు విప్పి గంట బయటికి తీసింది. పిడి పట్టుకుని పైకెత్తి అందరికీ చూపించింది. తర్వాత రెండో అరచెయ్యి దాని మీద ఆనించి చెప్పింది. లోనాన్ గంట ఇదే, మా ఇంటివాళ్ళు కాచిన గంట ఇదే. చప్పట్లు వినిపించాయి. ముసలావిడ నవ్వింది.

శేషగిరి వీడియో మళ్ళీ ఒకసారి చూశాడు.

"చూశారుగా," అన్నాడు రవిశంకర్ పక్కకు వచ్చి. "కాపలాదారు ప్రమాణం ఉంది. అసలుదేనని సరిచూసినట్టు నా సంతకం ఉంది. మధ్యలో సీల్ ఉంది. ఇంక మిగిలింది మీ క్లయింటే."

"గంట తెచ్చిన చెక్కపెట్టె ఎక్కడ తెరిచావు?"

"నోరా గారింటి నుంచి నేనే తెచ్చాను. ఇదే బల్ల మీద తెరిచాను. పాత ఫోటోలతో సరిచూసుకున్నాను. సంతకం పెట్టాను."

"ప్రమాణం కన్నా ముందు రోజేనా?"

"ముందు రోజే."

"గంటకు అంచు వెంట రివెట్లుంటాయి. ఒక పక్క ఎన్నున్నాయి?"

రవిశంకర్ కాఫీ తాగాడు. "అవి లెక్కపెట్టడం నా డ్యూటీ కాదు."

"సరిచూడడం నీ డ్యూటీ. దేంతో సరిచూశావు మరి?"

"మిస్టర్ మెకినర్నీ," రవిశంకర్ ఇంగ్లీషులోకి మారాడు, "ఈయనకు నా మీద పాత పగ ఒకటుంది. భార్య పోయారు పాపం. అప్పటి నుంచి నేను ఎక్కడ కనిపించినా ఇలాగే ఉంటారు. ఆ పిల్ల కేసుకూ దీనికీ సంబంధం లేదు."

"పాపం అనే మాట వెనక్కి తీసుకో," అన్నాడు శేషగిరి తెలుగులో.

"లేకపోతే?"

"లేకపోతే ఏమీ లేదు. తీసుకో."

సార్జెంటుకు మాటలు అర్థం కాలేదు. కానీ ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడ్డాడు. రవిశంకర్ నవ్వి కప్పు చెత్తబుట్టలో పడేశాడు. మాట వెనక్కి తీసుకోలేదు.

*

నోరా హెహిర్ ఇల్లు ఎన్నిస్ దాటాక, సన్నటి దారి చివర ఉంది. వంటింట్లో పొయ్యి మండుతోంది. ఆమె డెబ్బై దాటిన మనిషి. భర్త పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. శేషగిరి పేరు రెండుసార్లు అడిగి, నోరు తిరగక చివరికి "షే" అని పిలవడం మొదలుపెట్టింది. టీ పోసింది.

"మీ ఆవిడ ఎక్కడ పనిచేస్తుంది, షే?"

"పోయింది."

"అయ్యో. పాలు కావాలా?"

"వద్దు. గంట ఇంట్లో ఉన్నప్పుడు ఎక్కడ పెట్టేవారు?"

"అదిగో, ఆ ప్రెస్‌లో." ఈ దేశంలో ఇంటి అలమరాను ప్రెస్ అంటారు. పొయ్యి పక్కన గోడలో ఉంది. "అక్కడ వెచ్చగా ఉంటుంది, చెమ్మ రాదు. మా అత్తగారూ అక్కడే పెట్టింది, వాళ్ళ అత్తగారూ అక్కడే పెట్టింది."

"తీసి తుడిచేవారా?"

"తుడవడం కాదు. కడగని గొర్రెబొచ్చుతో రుద్దాలి. ఆ జిడ్డు ఇనుముకు తుప్పు పట్టనివ్వదు." అడిగినవాడు శ్రద్ధగా వింటున్నాడని ఆమెకు ఉత్సాహం వచ్చింది. "అందరికీ రాదు ఆ పని. నేను పెళ్ళయి ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు మా అత్తగారు చెప్పిన మొదటి మాట అదే. కాపలాదారు ఒట్టి చేత్తో గంటను ముట్టుకోకూడదు. బొచ్చు పట్టుకోవాలి, లేదా ఉన్నిగుడ్డ. ప్రమాణం చేసేవాళ్ళు వేరు, వాళ్ళు చెయ్యి పెట్టొచ్చు. మనం మొయ్యడానికే. యాభై ఏళ్ళలో ఒక్కసారి కూడా నా చర్మం దానికి తగల్లేదు. పూర్వం ఈ ప్రాంతాన్ని ఏలిన థోమండ్ రాజులు ఇద్దరు దాని మీద సంధి చేసుకున్నప్పుడు కూడా మావాళ్ళు గుడ్డతోనే పట్టుకున్నారంటారు."

"ఒక్కసారి కూడా తగల్లేదా?"

"ఒక్కసారి కూడా."

శేషగిరి కప్పు కింద పెట్టాడు. "ఏప్రిల్లో ఎగ్జిబిషన్ మొదలైన రోజు వీడియో చూశాను. మీరు పిడి ఒట్టి చేత్తో పట్టుకున్నారు. పాలక్యాన్ ఎత్తినట్టు ఎత్తారు. రెండో చెయ్యి దాని మీద ఆనించి నవ్వారు కూడా."

నోరా పొయ్యి వైపు చూసింది. పొయ్యిలో కట్టె ఒకటి విరిగిన చప్పుడైంది.

"మర్చిపోయి ఉంటాను," అంది.

"యాభై ఏళ్ళలో మర్చిపోలేదు. అంతమంది ముందు మర్చిపోయారా?"

"టీ చల్లారిపోతోంది, షే."

అతను లేచి ప్రెస్ తలుపు తీశాడు. పై అరలో పింగాణి కప్పులు. మధ్య అరలో గంట ఆకారంలో నల్లబడిన చెక్క. దాని పక్కన పిడికెడు గొర్రెబొచ్చు. దాన్ని తీసి వేళ్ళ మధ్య నలిపాడు. వేళ్ళకు జిడ్డు అంటుకుంది. ఏప్రిల్ వెళ్ళి చాలా కాలమైంది. పొయ్యి పక్కన ఇంత వేడిలో పాతబొచ్చు ఎండి గరుకుబారాలి. ఇది నిన్నో మొన్నో తెచ్చింది. మీద నల్లటి తుప్పు మరకలు కూడా కొత్తవి.

"లేని గంటకు ఎందుకు రుద్దుతున్నారు, మిసెస్ హెహిర్?"

ఆమె లేచి వచ్చి ప్రెస్ తలుపు మూసింది. మాట్లాడినప్పుడు గొంతు తగ్గలేదు.

"మా ఆయన చిన్నప్పుడు డబ్లిన్ నుంచి పెద్దమనుషులు వచ్చారు. గంట దేశానిది, మ్యూజియంలో ఉండాలి అన్నారు. ఇవ్వలేదు. మళ్ళీ వచ్చారు. అప్పుడు మా ఆయన చిన్నాన్న, కమ్మరి, నూనె పీపా రేకుతో ఇంకోటి చేశాడు. రివెట్‌కు రివెట్ అలాగే. చూడ్డానికి వచ్చిన ప్రతివాడికీ అదే చూపించాం. అరువు అడిగితే అదే ఇచ్చాం. అసలుది ఈ ఇల్లు దాటలేదు, షే. దాటకూడదు. అదొక్కటే మా పని. పొలం పోయినా పని పోలేదు."

"ప్రమాణం?"

"రేకు మీద చేశాను. నూనె పీపా మీద. అది తప్పు కాదు."

"ఆ పిల్ల?"

నోరా తల తిప్పుకుంది. "ఇంటికి పంపిస్తారు, అంతేగా. ఆ పిల్లకు వెళ్ళడానికి ఒక ఇల్లుంది. నేను నిజం చెబితే వీళ్ళు రేపే వచ్చి దీన్ని పట్టుకుపోతారు."

శేషగిరికి కోపం వచ్చింది. మొహంలో కనిపించలేదు. "తీయండి బయటికి."

"ఏం?"

"గంట. ఎక్కడుందో అక్కడి నుంచి తీయండి."

ఆమె అతన్ని చూసింది. ఎదిరించి లాభం లేదని అర్థమైనట్టుంది. ప్రెస్ కింది సొరుగు లాగి, దుప్పటి మడతల్లోంచి ఉన్నిగుడ్డ మూట ఒకటి రెండు చేతులా ఎత్తింది. పసిబిడ్డను దించినట్టు బల్ల మీద దించి గుడ్డ విప్పింది. నకిలీదానికీ దీనికీ చూపులో తేడా లేదు. ఇది కొంచెం నల్లగా ఉంది, అంతే.

"ఇప్పుడు చెయ్యి పెట్టండి," అన్నాడు శేషగిరి. "హాసిని దొంగ అని దీని మీద చెప్పండి. ఆ ఒక్కమాట చెప్పండి, నేను లేచి వెళ్ళిపోతాను."

నోరా కుడిచెయ్యి బల్ల మీదికి వచ్చింది. గుడ్డ అంచు దాకా వచ్చి ఆగింది. ముందుకు వెళ్ళలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వు మంచివాడివి కాదు, షే."

"కాదు. ఫోన్ ఎక్కడుంది?"

సార్జెంటుకు ఆమే ఫోన్ చేసింది. పెట్టేశాక శేషగిరి ఆఖరి ప్రశ్న అడిగాడు. "రవిశంకర్ ఆ చెక్కపెట్టె తెరిచి చూశాడా?"

"ఎక్కడ తెరిచాడు? అతనికి తొందర. ఇక్కడ నేను తాడు కట్టి ఇచ్చాను, మా అత్తగారు నేర్పిన ముడి. మర్నాడు అందరి ముందూ నేను విప్పేదాకా ఆ ముడి అలాగే ఉంది. వేరేవాళ్ళు విప్పితే మళ్ళీ అలా వెయ్యలేరు."

శేషగిరి కిటికీ వైపు తిరిగాడు. చూడనిదాన్ని చూశానని రాసి సంతకం పెట్టడం. వెయ్యని రౌండు వేశామని చెప్పడం. మూడేళ్ళుగా అతను వెతుకుతున్నది ఇదే. అర్జీ చూస్తున్న లాయరు అడిగింది ఇదే. ఇతను ఇలా చేసే మనిషేనని చూపించండి, ఇంకొక్కచోట చూపించండి చాలు అన్నాడు. అది ఇప్పుడు చేతికి వచ్చింది.

*

సార్జెంటుతో పాటు రవిశంకర్ కూడా వచ్చాడు. నోరా చెప్పినదంతా విన్నారు. సార్జెంట్ బల్ల మీద గంటను దూరం నుంచే చూశాడు.

"నోరా, నువ్వు అంతమంది ముందు అదే లోనాన్ గంట అన్నావు. ఇప్పుడు కాదంటున్నావు. నేను ఏది రాసుకోవాలి?"

"ఇదే రాసుకో, మైకెల్."

"తొందరపడకండి," అన్నాడు రవిశంకర్. "నేను పెట్టె తెరిచి చూశాను, అసలుదే. ఈవిడకు గంట మ్యూజియంలో ఉండడం ఇష్టం లేదు. అది ఈవిడే చెబుతోంది. నకిలీ ఈవిడ దగ్గరే ఉండేది. అదీ ఈవిడే చెబుతోంది. తాళం దొరికేది ఆ పిల్లకు. నకిలీ లోపల పెట్టి అసలుది ఈవిడకు తెచ్చి ఇచ్చింది. ఇద్దరూ కలిసి చేశారు. గంట ఎక్కడ దొరికిందో చూడండి మరి."

నోరా గంట మీద గుడ్డ కప్పింది. సార్జెంట్ నోట్‌బుక్ మూశాడు.

"అలా జరగలేదని నా మనసు చెబుతోంది," అన్నాడు. "కానీ నా దగ్గర ఒక సంతకం, ఒక మాట మార్చిన సాక్షి ఉన్నారు. డబ్లిన్ నిపుణులు రెండు గంటల్నీ పరీక్షించి ఎప్పుడు ఏది మారిందో తేల్చడానికి నెలలు పడుతుంది. ఇవాళైతే కేసు రాయక తప్పదు. ఇద్దరి మీదా." ఫోన్ పట్టుకుని కారు దగ్గరికి వెళ్ళాడు.

నెలలు గడిచాక హాసిని నిర్దోషి అని తేలుతుంది. అప్పటికి ఆమె ఇక్కడ ఉండదు. శేషగిరి పెరట్లోకి నడిచాడు. రవిశంకర్ వెనకే వచ్చాడు.

"నువ్వు పెట్టె తెరవలేదు."

"నిరూపించండి."

"నిరూపిస్తాను. కాలం పడుతుంది."

"ఆ పిల్లకు కాలం లేదు." రవిశంకర్ సిగరెట్ వెలిగించుకున్నాడు. "శేషగిరి గారూ, నేను రాక్షసుణ్ణి కాదు. తెరవకుండా సంతకం పెట్టానని రాసిస్తే నాకు ఈ కాంట్రాక్టు పోతుంది. పోతే పోనీ. కానీ ఆ కాగితం పట్టుకుని మీరు మీ అర్జీ విచారణకు వెళ్తారు. అది నాకు కుదరదు."

"కుదరకూడదు."

"మీరు అర్జీ వెనక్కి తీసుకోండి. ఆ సంగతి ఇంక ఎక్కడా, ఎవరి దగ్గరా ఎత్తకండి. నేను ఇప్పుడే రాసిస్తాను. అయిదు లోపల ఆ పిల్ల ఇంటికి వెళ్తుంది."

"కాగితం మీద సంతకం కావాలా?"

"మీ సంతకం నాకెందుకు? రేపు ఇంకో లాయరు దొరుకుతాడు, దానికో దారి చూపిస్తాడు. మీ మాట కావాలి. ఆవిడ గంట మీద."

"నీకు ఆ గంట మీద నమ్మకం ఉందా?"

"నాకు లేదు. మీకూ లేదు. కానీ మీరు అన్నమాట తప్పరు. అందుకేగా మూడేళ్ళుగా నన్ను తింటున్నారు."

శేషగిరి గోడ అవతల పొలం చూస్తూ నిలబడ్డాడు. అటువైపు గొర్రెలు తప్ప ఏమీ లేదు. లలిత గొంతు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలనుకున్నాడు. మెట్లు గుర్తొచ్చాయి. ఎప్పుడూ మెట్లే గుర్తొస్తాయి.

"ముందు నువ్వు రాయి," అన్నాడు.

రవిశంకర్ వంటింట్లో కూర్చుని రాశాడు. నాలుగు వాక్యాలు. పెట్టె తెరవలేదని, ముడి విప్పలేదని, ఫోటోలతో సరిచూడకుండానే సంతకం పెట్టానని. పెన్ను కాగితం మీద ఆనించి, సంతకం పెట్టకుండా ఆగి తల ఎత్తాడు.

"ఏమిటిది?" అంది నోరా.

"నేను ప్రమాణం చెయ్యాలి," అన్నాడు శేషగిరి. "గంట పట్టుకోండి."

ఆమె ఇద్దరి మొహాలూ చూసింది. దేని గురించి అని అడగలేదు. ఉన్నిగుడ్డతో గంటను ఎత్తి పట్టుకుంది. శేషగిరి అరచెయ్యి పెట్టాడు. పొయ్యి పక్కన ఉన్నా ఇనుము చల్లగా ఉంది. తెలుగులో చెప్పాడు. అర్జీ వెనక్కి తీసుకుంటానని చెప్పాడు. నా భార్య ఎలా పోయిందో, ఎవరి వల్ల పోయిందో ఇక మీదట ఎవరితోనూ మాట్లాడనని చెప్పాడు. గొంతు మామూలుగానే ఉంది. చెయ్యి తీసి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

రవిశంకర్ సంతకం పెట్టాడు. పెన్ను జేబులో పెట్టుకుంటూ ఏదో అనబోయాడు. శేషగిరి కాగితం అందుకుని బయటికి వెళ్ళిపోయాడు.

సార్జెంట్ కాగితం కారు బానెట్ మీద పెట్టి రెండుసార్లు చదివాడు. "ఇంత తేలిగ్గా ఎలా రాసిచ్చాడు?"

"అడిగాను. ఇచ్చాడు."

"ఊరికే ఇచ్చే మనిషిలా లేడే."

శేషగిరి తన కారు తలుపు తీశాడు. సార్జెంట్ కాసేపు అతన్నే చూసి, కాగితం మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు. "అమ్మాయిని స్టేషన్‌కు రానవసరం లేదని చెప్పండి. నోరా సంగతి నేను చూసుకుంటాను."

*

హాసినిని పుష్పవతి ఇంటికి దించడానికి శేషగిరే తీసుకువెళ్ళాడు. దారిలో ఆమె ఇంటికి ఫోన్ చేసింది. ఏం లేదు నాన్నా, అంతా మంచిగనే ఉంది, ఊకెనే చేసిన అని చెప్పింది. ఫోన్ పెట్టేసి చున్నీతో మొహం తుడుచుకుంది.

"మీ ఫీజు ఎంత అంకుల్?"

"ఉద్యోగం వచ్చాక చూద్దాం."

"రవిశంకర్ సార్ ఎందుకు ఒప్పుకున్నడు? నన్ను జైల్ల పెట్టించేదాక ఊకునేటట్టు లేకుండె."

"మనసు మారింది."

ఆమె నమ్మలేదు. కొంతదూరం కిటికీలోంచి చూసింది. తర్వాత మెల్లగా అడిగింది. "పుష్పవతి ఆంటీ చెప్పింది, సార్‌కి మీకు ఏదో గొడవ ఉందని. మీ వైఫ్ గురించి అని. ఆమెకేమైంది అంకుల్?"

ట్రాఫిక్ లైటు దగ్గర కారు ఆగింది. శేషగిరి స్టీరింగు మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

"ఆ సంగతి నేను మాట్లాడను."

"సారీ అంకుల్. ఇప్పుడొద్దు. మీకెప్పుడన్న చెప్పాలనిపిస్తే..."

"ఎప్పుడూ మాట్లాడను. నువ్వు అడగకు. ఎవరు అడిగినా చెప్పను."

పచ్చలైటు పడింది. అతను గేరు వేశాడు.